సవరణ: ఆటోమేటిక్ గేర్ ఆయిల్ లెవెల్ ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి

722.6 రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పాత మెర్సిడెస్ కార్ల గురించి రాస్తూ ‘ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగాక ఆయిల్ లెవెల్ చూడండి’ అన్నాను. అది తప్పు. కంపెనీ వర్క్‌షాప్ పద్ధతి ప్రకారం బండి కదలకుండా ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగానే చూడాలి.

ఇంజిన్ ఆగితే గేర్ ఆయిల్‌ని తిప్పే పంపూ ఆగుతుంది. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ కొంత అడుగున్న తొట్టిలోకి, అంటే పాన్‌లోకి దిగుతుంది, లెవెల్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. నిండుగా ఉందనుకుని వదిలేస్తే తక్కువ ఆయిల్‌తోనే బండి నడుస్తుంది. ‘డీ’ (డ్రైవ్)లో వేశాక ఆగి కదలడం, గేరు జారడం అందుకే.

ఈ గేర్‌బాక్స్‌కి గొట్టం, మూత ఉంటాయి గానీ లోపల లెవెల్ కొలిచే పుల్ల, అంటే డిప్‌స్టిక్ ఉండదు, విడిగా కొనాలి. దాని మీద ఆయిల్ 25, 80 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు చూడాల్సిన గుర్తులుంటాయి. మన ఎండల్లో 25 గుర్తుతో పనిలేదు, 80దే నమ్మండి. విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లొస్తే ఆయిల్ బాగానే వేడెక్కుతుంది, అయినా కారుకి తగిలించే స్కానర్‌లో గేర్ ఆయిల్ ఉష్ణోగ్రత చూసుకోవడం మేలు. చదునైన చోట ఆపి, బ్రేకు తొక్కిపట్టి, లివర్‌ని అన్ని స్థానాల్లోకీ నెమ్మదిగా తిప్పి ‘పీ’ (పార్కింగ్)లో పెట్టండి. డిప్‌స్టిక్‌ని పాన్ అడుగుకి తగిలేదాకా దించాలి. తుడిచే గుడ్డకి నూలుపోగులు ఉండకూడదు, గేర్‌బాక్స్‌లో ఆయిల్ దారుల్ని నడిపించే వాల్వ్ బాడీలో ఇరుక్కుంటాయి.

తగ్గితే 200 మిల్లీలీటర్ల చొప్పున పోసి మళ్లీ చూడండి. ఎక్కువైతే నురగ కడుతుంది, అదనంగా పోసింది తీసేయాల్సిందే. తరచూ తగ్గుతుంటే ముందు గేర్‌బాక్స్ పక్కనున్న 13 పిన్నుల వైర్ల కనెక్టర్ ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) చూడండి. అక్కడ కారిన ఆయిల్ వైర్ల వెంట పాకి గేర్‌బాక్స్‌ని నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ దాకా పోతుంది.