'పారిపోవచ్చు కదా' అంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

మనుషుల అక్రమ రవాణా బాధితుల గురించి ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: 'వాళ్లు ఇష్టపడే వెళ్లారు. తలుపులు తెరిచే ఉన్నా పారిపోలేదు. అడిగితే రోజుకో మాట చెబుతారు. కొందరు నేరాలు కూడా చేశారు. ఇప్పుడు పరిహారం కోసం బాధితుల వేషం వేస్తున్నారు.' దీన్ని పంపినవాళ్లలో నేను గౌరవించేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఓపిగ్గా జవాబు రాస్తున్నాను.

ముందు ఇష్టం సంగతి. పనికి ఒప్పుకున్నారు, నిజమే. దోపిడీకి ఎవరు ఒప్పుకుంటారు? మనుషుల అక్రమ రవాణాను అరికట్టడానికి ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన ఒప్పందం, అంటే పాలెర్మో ప్రోటోకాల్, మూడో అధికరణంలోనే దీనికి జవాబుంది. బెదిరించి, మోసం చేసి, లేదా నిస్సహాయతను వాడుకుని తీసుకెళ్తే బాధితుల సమ్మతి చెల్లదు. 18 ఏళ్ల లోపు పిల్లలైతే మోసం జరిగిందని చూపించాల్సిన పని కూడా లేదు. దోపిడీ కోసం తీసుకెళ్లారంటే చాలు.

ఇక అందరూ అడిగేది, 'పారిపోవచ్చు కదా' అని. ఇదే మాట గ్రీస్‌లో ఒక కోర్టు కూడా అంది. మనోలాదాలోని స్ట్రాబెరీ తోటల్లో బంగ్లాదేశ్ కూలీలు పనిచేసేవారు. ఏడు గంటల పనికి 22 యూరోలు ఇస్తామన్నారు. చేయించింది రోజుకు 12 గంటలు, తుపాకులు పట్టుకున్న కాపలావాళ్ల ముందు. నీళ్లు, మరుగుదొడ్డి లేని గుడిసెల్లో ఉండేవారు. జీతాలు నెలల తరబడి రాలేదు. 2013 ఏప్రిల్‌లో గట్టిగా అడిగితే కాపలావాడు కాల్పులు జరిపాడు. చాలామంది గాయపడ్డారు. అయినా, వాళ్లు బయట తిరగగలిగేవారు, కావాలంటే వెళ్లిపోయేవారు అంటూ కోర్టు అక్రమ రవాణా ఆరోపణను కొట్టేసింది.

2017లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దీన్ని తప్పుపట్టింది. వాళ్లకు కాగితాల్లేవు. తోట వదిలితే అరెస్టయి దేశం నుంచి పంపించేయబడే ప్రమాదం ఉంది. పైగా రావాల్సిన జీతం మీద ఆశ పూర్తిగా వదులుకోవాలి. నెలల కష్టం యజమాని దగ్గర ఇరుక్కుపోయాక గేటుకు తాళం ఎందుకు? ఆ మెసేజ్ రాసినాయన తాళం కోసమే వెతుకుతున్నాడు, బాకీ సంగతి ఆయనకు తట్టలేదు.

రోజుకో మాట చెబుతారన్నదాని గురించి ఎక్కువ రాయక్కర్లేదు. భయంలో ఉన్న మనిషికి తేదీలు, వరస గుర్తుండవు. అందుకే ఐరోపా దేశాల మానవ హక్కుల సంస్థ అయిన ఐరోపా మండలి అక్రమ రవాణాపై 2005లో చేసిన ఒప్పందం, బాధితులు కోలుకోవడానికి కనీసం 30 రోజులు గడువు ఇవ్వమంది. సాక్ష్యం చెబితేనే సాయం అనే షరతు కూడా పెట్టకూడదంది.

నేరాల విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. బాధితులైనంత మాత్రాన చేసిందంతా మాఫీ కాదు. బలవంతం మీద చేసినవాటికి శిక్ష లేకుండా చూసే వీలుండాలని మాత్రమే ఆ ఒప్పందం అంటోంది. ఇద్దరు వియత్నాం మైనర్లు బ్రిటన్‌లో గంజాయి పెంచే చోట దొరికారు. వాళ్లను రవాణా చేసి తెచ్చారా అన్నది సరిగ్గా తేల్చకుండానే నేరస్థులుగా కేసు నడిపారు. అది వాళ్ల హక్కుల ఉల్లంఘన అని 2021లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టే తీర్పు ఇచ్చింది.

చివరిది పరిహారం. సులువుగా డబ్బు కావాలనుకునేవాళ్లు ఎంచుకునే దారి మాత్రం ఇది కాదు. బల్గేరియాలో ఒక మహిళతో వ్యభిచారం చేయించి, ఆమె సంపాదనంతా లాక్కున్నాడు ఒకడు. ఆ డబ్బు ఇప్పించమని అడిగితే, అది అనైతికంగా సంపాదించింది కాబట్టి ఇవ్వం అన్నాయి అక్కడి కోర్టులు. ఆమె స్ట్రాస్‌బర్గ్‌లోని అదే మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. రవాణా చేసినవాడి నుంచి అలాంటి నష్టాన్ని రాబట్టుకునే అవకాశం బాధితులకు ఉండాలని ఆ కోర్టు తేల్చేసరికి 2023 నవంబర్ వచ్చింది.