డ్రసీనా గారి జలసమాధి

నీళ్లలో ఊపిరి బిగబట్టి కూర్చునే జలస్తంభన విద్య దుర్యోధనుడితోనే అంతరించిందని మనమంతా అనుకుంటున్నాం. పోలేదండీ. అలంకార చేపలమ్మేవాళ్లు దాన్ని భద్రంగా కాపాడి, డ్రసీనా, లక్కీ బ్యాంబూ లాంటి నేల మొక్కలకి నేర్పించి, 'ఆక్వేరియం ప్లాంట్' అని పేరు పెట్టి మనకే అమ్ముతున్నారు. ఒక్కటే తేడా. దుర్యోధనుడు పాండవుల ఎత్తిపొడుపులు పడలేక మడుగులోంచి లేచి వచ్చాడు. డ్రసీనాకు ఆ అవకాశం కూడా లేదు, గులకరాళ్లలో పాతేశాం కదా.

నేను తెచ్చిన డ్రసీనా అంచులు తెల్లగా, ఆకులు నిటారుగా, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది. మొదటి మూడు వారాలు అద్భుతం. పెరగలేదు, తరగలేదు, ప్లాస్టిక్ మొక్కకే అసూయ పుట్టేంత నిలకడ. "బాగా సెట్ అయింది" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. అది తీరిగ్గా చస్తోందని నాకేం తెలుసు. నేల మొక్క ఆకు మీద మైనం లాంటి పూత ఉంటుంది, లోపలికి గాలి పోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది, ఇక ఆ పూత దాటి ఆకుకి అందేదెంత? అయినా పాపం కాండంలో దాచుకున్న తిండిని పొదుపుగా వాడుకుంటూ వారాలు, ఒక్కోసారి నెలలు కూడా లాగించేస్తుంది. వ్యాపారమంతా ఆ నెలల్లోనే ఉంది. రెండో రోజే చస్తే వెళ్లి డబ్బులడుగుతాం, రెండో నెలలో చస్తే మనల్ని మనమే తిట్టుకుంటాం.

ఐదో వారం కింది ఆకు పసుపెక్కింది. వెంటనే నిపుణుల సభ మొదలైంది. వెలుతురు చాలదన్నారొకరు, ఎనిమిది గంటల లైటు పన్నెండు గంటలైంది, అద్దాలకి దట్టంగా నాచు పట్టింది. ఐరన్ లోపమన్నారింకొకరు, సీసా కొన్నాను. ఐరన్ తక్కువైతే ముందు పాలిపోయేది కొత్త ఆకులు, నా మొక్కకి అసలు కొత్త ఆకంటూ పుడితే కదా! చివరికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా వచ్చింది, దాంతోపాటు రెగ్యులేటరు, బుడగలు లెక్కపెట్టే గొట్టం, డ్రాప్ చెకర్. ఈ డ్రాప్ చెకర్‌లో ద్రవం నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చగా ఉంటే సరిపోయినట్టు, పసుపైతే చేపలకి ప్రమాదం. నా చెకర్ ఆకుపచ్చగా ఉంది, మొక్క పసుపుగా ఉంది. తొట్టె మొత్తమ్మీద ఆకుపచ్చగా ఉన్నవి అదీ, అద్దానికి పట్టిన నాచూ. ఇంతమంది నిపుణుల్లో "అసలిది నీళ్లలో బతికే మొక్కేనా?" అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఈ లెక్కన రేపు చిలకని కూడా అమ్మొచ్చు. ఆక్వేరియం చిలక సార్, మంచినీళ్ల రకం, తొట్టెకి మంచి కలర్ వస్తుంది. మూత మాత్రం గట్టిగా బిగించుకోండి, మొదట్లో కాస్త కొట్టుకుంటుంది, తర్వాత అదే అలవాటు పడుతుంది. సాయంత్రం మనం ఫోన్ చేసి చిలక కదలట్లేదంటే, "సెట్ అయిపోయింది సార్." మర్నాడు ఈకలు ఊడి తేలుతున్నాయంటే, "కంగారు పడకండి, మెల్టింగ్ అంటారు దాన్ని, పాత ఈకలు పోయి నీటి ఈకలొస్తాయి." నాలుగో రోజు వాసనొస్తోందంటే, "మీ నీళ్లలో పీహెచ్ తేడాగా ఉన్నట్టుంది, ఈ మందు రోజూ ఒక మూత పోయండి." పోస్తాం. నేనైతే కచ్చితంగా పోస్తాను, డ్రసీనాకి పోసినవాణ్ని, చిలకకి పొయ్యనా?

ఈ మెల్టింగ్ అనే మాట మీద నాకు ప్రత్యేకమైన కక్ష, ఎందుకంటే అది అబద్ధం కాదు. క్రిప్టోకోరైన్ అనే నీటి మొక్కని చోటు మార్చారంటే ఆకులన్నీ జావలా కరిగిపోతాయి, వేళ్లు మాత్రం బతికే ఉంటాయి, పీకి పారెయ్యకుండా ఊరుకుంటే కొన్ని వారాల్లో మళ్లీ చిగురేస్తుంది. చాలా రకాల నీటి మొక్కల్ని నర్సరీల్లో ఆకులు నీటి పైనే ఉండేలా పెంచుతారు, తొట్టెలో ముంచాక ఆ ఆకులు పోయి పలచటి నీటి ఆకులొస్తాయి. ఇంత చక్కటి నిజాన్ని తీసుకెళ్లి, శవానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయడానికి వాడుతున్నారు.

సరదాగా రాద్దామనే కూర్చున్నాను. కానీ మునిగిన కాండం కింది నుంచి మెత్తబడి కుళ్లుతూ నీళ్లలోని ఆక్సిజన్‌ని తినేస్తుంది, అమ్మోనియాను వదులుతుంది. కొత్త తొట్టెలో ఆ అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా ఇంకా సరిగ్గా పెరిగి ఉండదు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటే, అర్ధరాత్రి బకెట్లతో నీళ్లు మార్చినవాడికి ఇందులో జోకేమీ కనబడదు. ఏది నీటి మొక్కో అమ్మేవాడికి తెలియదా? తెలియకపోతే ప్రాణమున్నవాటిని అమ్మే పని ఎందుకు పెట్టుకున్నాడు? తెలిసే అమ్ముతుంటే దాన్ని మోసమంటారు, ఇంకో మాట లేదు. ఎంతమంది "నా చేతికి మొక్కలు బతకవండీ" అనుకుని తొట్టెని అటక ఎక్కించేశారో! మీ హస్తవాసికి ఏ రోగమూ లేదు తల్లీ, మునిగితే చచ్చేదాన్ని ముంచమని చేతిలో పెట్టారు.

అసలైన నీటి మొక్కని, వాలిస్నేరియానో హైడ్రిల్లానో, నీళ్లలోంచి తీసి చూడండి, తడిగుడ్డలా వేలాడిపోతుంది, ఇన్నాళ్లూ దాన్ని నిలబెట్టింది నీళ్లే. బయట కూడా కర్రలా నిలబడిందంటే అనుమానించాల్సిందే. అనూబియాస్ మాత్రం ఈ పరీక్షకి లొంగదు, ఆకు అట్టలా ఉన్నా నీళ్లలో హాయిగా బతుకుతుంది, కాకపోతే దాని అడ్డ కాండాన్ని రాళ్లలో పాతకుండా కర్రకో రాయికో దారంతో కట్టాలి. నేను పాతాను. ఆ ఏడుపు ఇంకోసారి.

డ్రసీనాలో గట్టిగా మిగిలిన పై ముక్కని కోసి మట్టి కుండీలో పెట్టి, మళ్లీ షాపుకెళ్లాను. అక్కడి తొట్టెలో మొక్కలన్నీ కళకళలాడుతున్నాయి, నిన్ననే దిగిన సరుకు మరి. డ్రసీనా సంగతి చెబితే ఆయన ఏమాత్రం తొణక్కుండా, ఆకు అడుగున ఊదారంగున్న హెమిగ్రాఫిస్ కట్ట పైకి తీసి చూపించాడు. అదీ నేల మొక్కే. "మీ నీళ్లకి డ్రసీనా పడలేదు సార్. ఈసారి ఇది తీసుకెళ్లండి, గట్టి పిండం."