తుప్పు తుపాకీని వెనిగర్‌లో ముంచకండి

ఈ మధ్య చాలామంది పంచుకుంటున్న సలహా ఇది: "పాత తుప్పు తుపాకీ దొరికితే రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి. పొద్దున గ్రైండర్‌కు తీగల బ్రష్ బిగించి తళతళలాడేదాకా తోమండి. విలువ పెరుగుతుంది, మళ్లీ పేలుతుంది కూడా."

ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. అంతకన్నా ఘోరం, అన్నిటికంటే ముందు చెప్పాల్సింది చెప్పకపోవడం. లోపల తుపాకీమందు ఉందా? మూతి నుంచి మందు కూరే పాత తుపాకులు చాలావాటిలో అది అలాగే మిగిలిపోయి ఉంటుంది. సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన ఆ పొడి వందేళ్లయినా చావదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, 1861–65 నాటి అంతర్యుద్ధపు ఫిరంగి గుండును బాగుచేస్తుండగా అది పేలి ఒక సేకర్త చనిపోయాడు. సన్నటి కర్రను గొట్టంలోకి అడుగుదాకా పోనిచ్చి గుర్తుపెట్టండి. అదే కర్రను బయట గొట్టం పక్కన పట్టి చూడండి. నిప్పు అంటుకునే రంధ్రం దాకా రాకుండా ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఇక దాన్ని కదపకుండా నిపుణుణ్ని పిలవాలి.

ఇక వెనిగర్. తుప్పును కరిగించే మాట నిజమే, కానీ అది అక్కడితో ఆగదు. కింది ఇనుమునూ తింటుంది. స్క్రూల సందుల్లో, గుంటల్లో మిగిలిన ఆమ్లం మళ్లీ తుప్పు పుట్టిస్తుంది. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది మరొకటి. పాత గొట్టాల మీది ఆ నల్లటి, గోధుమ రంగు పూత కూడా ఒకరకం తుప్పే. పనివాడు కావాలని పట్టించిన తుప్పు. ఎర్ర తుప్పు గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది. నల్లది ఇనుమును అంటిపెట్టుకుని కాపాడుతుంది. ఎర్రగా తుప్పు పట్టించి, మరిగే నీళ్లలో ఉంచి నల్లగా మార్చడం, మళ్లీ పట్టించడం, ఇలా ఎన్నోసార్లు చేస్తేగాని ఆ నలుపు రాదు. వెనిగర్ దాన్ని ఒక్క రాత్రిలో తుడిచేస్తుంది.

తీగల బ్రష్ మిగిలిందీ చెరిపేస్తుంది. బర్మింగ్‌హామ్‌లో 1813లో మొదలైన తుపాకీ గొట్టాల పరీక్షాశాల వంటివి గొట్టం మీద కొట్టిన ముద్రలు, తయారీదారు పేరు, ఇనుము, ఉక్కు కడ్డీలను మెలితిప్పి అతికిన డమాస్కస్ గొట్టాల అలల నమూనా, అన్నీ పోతాయి. తుపాకీ ఎవరిదో, ఎప్పటిదో చెప్పే సాక్ష్యాలవి. అవి పోయాక విలువ పెరగడమా? కొనేవాళ్లు చూసేదే వాటిని!

మరి తుప్పు పోవాలంటే? పలచని నూనె రాసి కొన్నాళ్లు వదిలేయండి. కనపడని మూలలో ముందు పరీక్షించి, అతి సన్నని స్టీల్ ఊల్‌తో (ఉక్కు పీచుతో) మెల్లగా రుద్దండి. ఎర్రది వదలగానే ఆపేయండి. తుడిచి మైనం పూయండి. గుంటలు కనిపిస్తే కనిపించనివ్వండి.

పేల్చడం మాత్రం వద్దు. తుప్పు తిన్న చోట గొట్టం గోడ పలచబడి ఉంటుంది, ఎంత లోతుగా తినేసిందో పైకి తెలియదు. పైగా నాటి గొట్టాలు పాత మందుకే చేసినవి. నేటి పొగరాని మందు ఒత్తిడికి పగిలితే ఆ ముక్కలు ముందు తగిలేది పట్టుకున్న చేతికీ, ముఖానికీ.