బురద పూసుకున్నవాడే గవర్నర్

'ప్రిడేటర్' సినిమాను ఇన్నాళ్లూ గ్రహాంతర రాక్షసుడి వేటగా చూసి తప్పు చేశాం. మొన్న ఆదివారం, బహుశా పదిహేనోసారి చూస్తుంటే జ్ఞానోదయమైంది. అది పరిపాలనా శిక్షణ చిత్రం. 1987లో విడుదలైంది, ఫలితాలు రావడానికి పుష్కరం పట్టింది, అంతే.

సినిమాలో అడవిలో దిగింది ఏడుగురు సాయుధులు. ఆ వేషాలు వేసినవాళ్లలో ఇద్దరు నిజంగానే గవర్నర్లయ్యారు. అమెరికాలో గవర్నరంటే రాజ్‌భవన్‌లో తేనీటి విందులిచ్చే పదవి కాదు, మన ముఖ్యమంత్రితో సమానం. జెస్సీ వెంచురా 1999లో మిన్నెసోటాలో, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ 2003లో కాలిఫోర్నియాలో గద్దెనెక్కారు. 1983లోనే ఎన్టీఆర్‌ను ముఖ్యమంత్రిని చేసిన మనకు ఇది వింతేం కాదు. కాకపోతే మనకు రాముడూ కృష్ణుడూ కావాల్సి వచ్చారు. వాళ్లు ఒంటినిండా బురదున్నవాడితో సరిపెట్టుకున్నారు.

వెంచురా ఇందులో హెలికాప్టర్‌కు బిగించే తుపాకీని చేత్తో మోస్తూ, బుగ్గన పొగాకు దట్టించి తిరుగుతాడు. నెత్తురు కారుతోందయ్యా అంటే, దానికి తీరిక లేదంటాడు. తర్వాత ఆ మాటనే తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. సినిమా సగంలోనే చచ్చిపోయినా, ముందు గవర్నరైంది ఆయనే.

ఆయన పోయాక జరిగేదే అసలు పాఠం. ఒకడు ఆ తుపాకీ అందుకుని అడవి మీదికి తిప్పుతాడు. ఎవర్ని కాలుస్తున్నావని ఎవడూ అడగడు. మిగతావాళ్లూ వరసగా నిలబడి కాల్చేస్తారు. కొమ్మలు, బోదెలు తుక్కుతుక్కవుతాయి. గుళ్లయిపోయినా గొట్టాలు గిర్రున తిరుగుతూనే ఉంటాయి. తీరా వెళ్లి వెతికితే శవం లేదు, నెత్తురు చుక్క లేదు. దీన్నే మన దగ్గర ఉన్నతస్థాయి విచారణ అంటారు. ఆకు మీద మెరుస్తున్న ఆకుపచ్చ నెత్తురు కంటపడింది వాళ్లు ఖైదీగా ఈడ్చుకొస్తున్న ఆడమనిషికి. ఆమె వేలితో తాకి చూసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ఊరుకుంది. విచారణ సంఘంలో ఆమె సభ్యురాలు కాదు కదా!

ఇక బురద. రాక్షసుడు ఒంటి వేడిని బట్టి మనుషుల్ని పసిగడతాడు. ఒళ్లంతా బురదైన ఆర్నాల్డ్ ఎదురుగా ఉన్నా వాడికి ఆనడు. కాసేపటికి బురద కూడా వేడెక్కదా అని అడిగేవాళ్లుంటారు. వాళ్లు ప్రతిపక్షం. మన నాయకులేమో ఇంత విలువైన సరుకును ఎదుటివాడి మీద చల్లుతూ వృథా చేస్తున్నారు.

ఆ ఏడుగురిలో సానీ లాండ్‌హమ్ వేసిన బిల్లీకి ఈ తెలివి లేదు. దుంగ వంతెన మీద ఆగి, తుపాకీ పారేసి, కత్తితో ఛాతీ గీసుకుని నిటారుగా నిలబడతాడు. తర్వాత మనకు వినపడేది కేక ఒక్కటే. 2003లో లాండ్‌హమ్ కూడా కెంటకీ రాష్ట్ర గవర్నర్‌గిరీకి బయల్దేరి, మధ్యలోనే విరమించుకున్నాడు.

రాక్షసుడి తొడుగులో ఉన్నది ఏడడుగులు దాటిన కెవిన్ పీటర్ హాల్. చివర్లో ఆర్నాల్డ్‌ను కాపాడ్డానికి వచ్చే హెలికాప్టర్ నడిపేదీ ఆయనే. సినిమా అంతా వేటాడినవాడే ఆఖర్న గాల్లోంచి పరామర్శకు వస్తాడన్నమాట. మన వరద ప్రాంతాల వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అప్పుడు పేర్లు పడతాయి. చచ్చినవాళ్లు కూడా ఒక్కొక్కరే కెమెరా వైపు తిరిగి పళ్లికిలిస్తారు. మా వీధి చివర ఫ్లెక్సీలో పదకొండు మంది ఉన్నారు. అచ్చం అదే నవ్వు.