"పోలీసుల చేతులు కట్టేస్తారు" అన్న మాటలో నిజమెంత

పోలీసుల మీద ఫిర్యాదులు విచారించడానికి వేరే సంస్థ ఉండాలన్న మాట వచ్చిన ప్రతిసారీ ఒకే తరహా మెసేజ్ ఫోన్లలో తిరుగుతుంది. దాని సారాంశం ఇదీ. యూనిఫాం వేసుకోనివాళ్లకు పోలీసు పని అర్థం కాదు. కోర్టులు, మానవ హక్కుల కమిషన్ ఉండగా మరొకటి దండగ. అడిగేవాళ్లు ఎక్కువైతే పోలీసులు కేసుల జోలికే పోరు, రౌడీలు రెచ్చిపోతారు. నేరగాళ్లు తప్పుడు ఫిర్యాదులతో నిజాయితీపరుల్ని ఇరికిస్తారు. చివరికి అది కూడా రాజకీయ నాయకుల చేతిలోకే పోతుంది. పైగా ఇదంతా విదేశాల నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన.

వీటిలో ఒక్కదానిలో పస ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు "అరువు" మాట. పోలీసు సంస్కరణల కోసం 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ముఖ్యుడు ప్రకాశ్ సింగ్. ఉత్తరప్రదేశ్‌లో, అస్సాంలో డీజీపీగా, ఆ తర్వాత బీఎస్ఎఫ్ అధిపతిగా పనిచేసిన ఐపీఎస్ అధికారి. ఆ పిటిషన్ మీద 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. అందులో ఏడు ఆదేశాలున్నాయి. ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీస్ కంప్లయింట్స్ అథారిటీ ఏర్పాటు చేయాలన్నది ఆరోది. కానిస్టేబుల్ నుంచి డీఎస్పీ దాకా జిల్లా అథారిటీ చూడాలి, ఎస్పీ నుంచి పైవాళ్ల సంగతి రాష్ట్ర అథారిటీ చూడాలి. సర్వీసంతా ఖాకీలో గడిపిన మనిషి పోరాడితే వచ్చిన తీర్పును పోలీసు వ్యతిరేకుల కుట్ర అనడం విడ్డూరం.

"బయటివాళ్లకేం తెలుసు" అనే వాదన కూడా ఆ తీర్పు చదివితే తేలిపోతుంది. రాష్ట్ర అథారిటీకి హైకోర్టు లేదా సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి, జిల్లాలో రిటైర్డ్ జిల్లా జడ్జి ఛైర్మన్‌గా ఉండాలి. సభ్యుల్లో రిటైర్డ్ పోలీసు అధికారులకూ చోటుంది. విచారణకు సీఐడీ, ఇంటెలిజెన్స్, విజిలెన్స్‌లో పనిచేసి రిటైరైన దర్యాప్తు అధికారుల్ని వాడుకోవచ్చని కూడా రాశారు. ఇంతకీ ఇక్కడ తేల్చాల్సిన ప్రశ్నలు అంత మర్మమైనవేం కావు. మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు ఎందుకు పెట్టలేదు? ఒంటి మీద ఆ దెబ్బలెలా వచ్చాయి? భూమి తగాదాలో ఎస్సై ఎందుకు కూర్చుని సెటిల్‌మెంట్ చేశాడు? ఈ చివరిది మన దగ్గర కొత్త సంగతేం కాదు. జిల్లా అథారిటీ విచారించాల్సిన వాటిలో కస్టడీ మరణాలు, అత్యాచారాలతో పాటు బలవంతపు వసూళ్లు, ఇళ్లు, స్థలాలు లాక్కోవడం కూడా ఉన్నాయి. ఆ జాబితా రాసినవాళ్లకు స్టేషన్‌లో ఏం జరుగుతుందో బాగానే తెలుసు.

ఇక "ఇప్పటికే బోలెడు దారులున్నాయి" అన్న మాట. ఆ దారిలో ఒకసారి నడిచి చూడండి. ఎస్సై కొట్టాడని ఫిర్యాదు ఇవ్వాలంటే మొదట వెళ్లాల్సింది ఆ స్టేషన్‌కే. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపాలి. ఎస్పీ ఆ సబ్ డివిజన్ డీఎస్పీకి పంపుతాడు. అంటే ఆ ఎస్సైతో రోజూ పని చేయించుకునే అధికారే అతని మీద విచారణ చేస్తాడు. అక్కడా తేలకపోతే మేజిస్ట్రేటు కోర్టు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, విధి నిర్వహణలో జరిగిన విషయం మీద ప్రభుత్వ ఉద్యోగిపై ఫిర్యాదొస్తే, దర్యాప్తుకు ఆదేశించే ముందు మేజిస్ట్రేటు అతని పై అధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి. తిరిగి తిరిగి మళ్లీ అదే శాఖ గుమ్మంలోకి వచ్చాం. కేసు విచారణకు రావాలంటే చాలా సందర్భాల్లో ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ లోపు లాయరు ఫీజులు, వాయిదాలు, "రాజీ పడు" అంటూ ఇంటికొచ్చే పెద్దమనుషులు.

మానవ హక్కుల కమిషన్ సంగతి చూద్దామా? ఘటన జరిగి ఏడాది దాటితే విచారించడానికి 1993 చట్టమే ఒప్పుకోదు. విచారించినా చివరకు ఇచ్చేది సిఫార్సే. తెలంగాణలో అయితే ఆ కమిషన్ రెండేళ్లకు పైగా ఛైర్మన్ లేకుండానే ఉండిపోయింది.

ఇన్ని దారులుండీ ఫలితం ఏమిటంటే, జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల ప్రకారం 2001 నుంచి 2020 వరకు దేశంలో 1,888 కస్టడీ మరణాలు నమోదయ్యాయి. పోలీసుల మీద పెట్టిన కేసులు 893. ఛార్జిషీటు పడింది 358 మంది మీద. శిక్ష పడింది 26 మందికి. చనిపోయిన ప్రతి ఒక్కరినీ పోలీసులే చంపారని ఎవరూ అనరు. అనారోగ్యంతో, ఆత్మహత్యతో పోయినవాళ్లూ ఉంటారు. కానీ ఏది ఏదో నమ్మదగ్గ రీతిలో తేల్చిందెవరు?

"చేతులు కట్టేస్తే నేరాలు పెరుగుతాయి" అనేవాళ్లకు హైదరాబాద్ శివార్లలో ఒక యువ వెటర్నరీ డాక్టరుపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసు గుర్తు చేయాలి. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు చేతులెవరూ కట్టలేదు, జనం పోలీసుల మీద పూలు చల్లారు. నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారన్నది పోలీసుల కథనం. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ దాన్ని నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పింది. ఆ కమిషన్ ముగ్గురు సభ్యుల్లో ఒకరు సీబీఐ మాజీ డైరెక్టర్ కార్తికేయన్. ఆయనకు పోలీసు పని తెలియదని ఎవరంటారు? ఆ నలుగురూ నిజంగా దోషులేనా అన్నది ఇక ఏ కోర్టులోనూ తేలదు. ఆ అమ్మాయి కుటుంబానికి దక్కాల్సిన తీర్పు కూడా అలాగే పోయింది.

స్టేషన్లలో టెన్షన్ ఉన్న మాట నిజం. అయితే ఎస్సైకి నిద్ర పట్టనివ్వనిది ఫిర్యాదు చేసే సామాన్యుడా? పోస్టింగ్ కోసం నాయకుడి సిఫార్సు లేఖ పట్టుకు తిరగడం, మాట వినకపోతే రాత్రికి రాత్రే వీఆర్‌కు (పోస్టింగ్ లేకుండా ఖాళీగా కూర్చోబెట్టే వేకెన్సీ రిజర్వ్‌కు) పంపడం ఏ స్టేషన్‌లో అడిగినా చెబుతారు. అదే 2006 తీర్పు స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కనీసం రెండేళ్ల పదవీ కాలం ఉండాలంది. డీఎస్పీ దాకా బదిలీలు, పోస్టింగులు శాఖలోని బోర్డే చూడాలంది. పోలీసుల మనోబలం గురించి బెంగపడే మెసేజ్‌లలో వీటి ఊసు నేనెక్కడా చూడలేదు.

తప్పుడు ఫిర్యాదులు వస్తాయా? వస్తాయి. కోర్టుకూ వస్తాయి, లోకాయుక్తకూ వస్తాయి. తప్పుడు సమాచారం ఇచ్చినవాళ్ల మీద పెట్టడానికి సెక్షన్లున్నాయి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ ఫుటేజీ నిజాయితీగా ఉన్న అధికారికే మొదట అక్కరకొస్తుంది. బయటి సంస్థ "ఇతని తప్పు లేదు" అంటే జనం నమ్ముతారు, అదే మాట డీఎస్పీ అంటే "వాళ్ల మనిషే కదా" అంటారు.

ఇప్పుడు పస ఉన్న వాదన. అథారిటీ రాజకీయ నాయకుల చేతిలోకి పోతుందన్న భయం ఉత్తది కాదు. ఛైర్మన్‌ను ఎంచుకునేది రాష్ట్ర ప్రభుత్వమే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో చేసిన ఛైర్మన్ నియామకాన్ని అదే ఏడాది హైకోర్టు నిలిపేసింది. కాబట్టి అథారిటీ పేరుతో బోర్డు కట్టినంత మాత్రాన సరిపోదు. కానీ దీనికి మందు ఆ తీర్పులోనే ఉంది. ప్రధాన న్యాయమూర్తి పంపిన పేర్లలోంచే ఛైర్మన్‌ను ఎంచుకోవాలి. సభ్యుల పేర్లు మానవ హక్కుల కమిషనో, లోకాయుక్తో, పబ్లిక్ సర్వీస్ కమిషనో ఇవ్వాలి. సభ్యులు పూర్తికాలం పనిచేయాలి. శాఖాపరమైన చర్య అయినా, క్రిమినల్ కేసు అయినా అథారిటీ చేసిన సిఫార్సును సంబంధిత అధికారులు పాటించి తీరాలి.

ఈ చివరి షరతు విలువ తెలియాలంటే న్యూయార్క్ చూడాలి. అక్కడ 1993 నుంచి పోలీసులతో సంబంధం లేని పౌరుల బోర్డు ఫిర్యాదులు విచారిస్తోంది. శిక్ష వేయాలా వద్దా అన్నది మాత్రం ఇప్పటికీ పోలీస్ కమిషనర్ ఇష్టమే. అక్కడ లేని అధికారాన్ని మన సుప్రీంకోర్టు 2006లోనే ఇచ్చింది. తర్వాత చట్టాలు చేసిన రాష్ట్రాల్లో కొన్ని ఆ షరతును నీరుగార్చి, సిఫార్సును "పరిశీలించవచ్చు" అన్న స్థాయికి దించాయి. మెసేజ్‌లు పంపేవాళ్లకు కోపం రావాల్సింది ఆ సవరణల మీద, ఖాళీగా ఉన్న జిల్లా అథారిటీల మీద.