పదకొండు మందిని తొమ్మిది మందిగా చేసిన గోడ పటానికి

మహారాజశ్రీ కాన్వాస్ గోడ పటం గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, తమరిలో ఇద్దరి కుశలం నాకు తెలియరావడం లేదు కనుక ఆ మాట ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

నిన్న మధ్యాహ్నమంతా డెలివరీ కుర్రాడు "దారిలోనే ఉన్నాను సార్" అన్న మాటను నమ్మి గుమ్మం కనిపెట్టుకుని కూర్చుంటే, దీపాలు పెట్టే వేళకు తమరు వేంచేశారు. ఆలస్యానికి నేనేమీ అనుకోలేదు, అట్టపెట్టె మూల నలిగినందుకూ అనుకోలేదు. కార్మికులు ఆకాశంలో ఉక్కు దూలం మీద వరసగా కూర్చుని భోంచేసే ఆ ప్రసిద్ధమైన పాత ఫొటోకు అచ్చు కదా తమరు. తమరిని గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి వేసి, దూలం మీద కూర్చున్నవారిని లెక్కపెట్టాను. తొమ్మిది మందే ఉన్నారు. న్యూయార్క్‌లో 1932 సెప్టెంబర్ 20న, రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో కడుతున్న ఆర్‌సీఏ భవనం 69వ అంతస్తులో, నేలకు సుమారు 850 అడుగుల ఎత్తున ఆ ఉక్కు దూలం మీద భోజనానికి కూర్చున్నది పదకొండు మంది. హైదరాబాద్‌లో కాఫీ తాగే చోటా, జుట్టు కత్తిరించుకునే చోటా, జీతం పెంచమని అడగబోయి బయట కూర్చునే చోటా తమరి బంధువర్గం వేలాడుతూనే ఉంటుంది గనుక, ఈ లెక్క నేను కంఠతా చెప్పగలను.

మిగిలిన ఇద్దరూ ఎక్కడికి పోయారో పక్కకు వచ్చి చూస్తే గానీ అర్థం కాలేదు. గుడ్డను చెక్క చట్రం మీదికి లాగి నాలుగు వైపులా వెనక్కి మడిచే మహత్తర విధానంలో, చివరివాళ్ళిద్దరూ చట్రం అంచు మీదికి మడతపడిపోయారు. ఎడమ చివర సిగరెట్టు వెలిగించుకుంటూ తలలు దగ్గర చేర్చిన జంటలో ఒకడు పక్క అంచుకు తరలిపోగా, రెండోవాడు ఇప్పుడు ఎవరూ లేని వైపుకు వంగి గోడతో రహస్యం చెబుతున్నట్టు కనిపిస్తున్నాడు. కుడి చివర సీసా చేతబట్టుకుని సూటిగా మన కళ్ళలోకి చూసే పెద్దమనిషి ముఖం కిటికీ వైపు తిరిగింది, భుజం చట్రం వెనక్కి వెళ్ళింది, ఆ భుజంలో ఒక స్టేపుల్ పిన్ను దిగబడి ఉంది. ఇదేమిటని సంస్థవారిని అడిగితే, ఇది లోపం కాదనీ, "ప్రీమియం ఫినిషింగ్" అనీ, వచ్చే కొనుగోలుపై పది శాతం తగ్గింపు ఇస్తామనీ సెలవిచ్చారు. ఆ తగ్గింపుతో మరొకటి కొంటే అందులో మరి ఇద్దరు తగ్గుతారు కాబోలు.

తమరి వెనక అంటించిన చీటీ గురించి ఒక్క మాట. అందులో "ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కార్మికులు, 1930" అని అచ్చయి ఉంది. ఎంపైర్ స్టేట్ భవనాన్ని 1931 మే 1ననే ప్రారంభించారు. ఆ చీటీ రాసినవారికి అది వేరే భవనమని తెలియకపోయినా క్షమిస్తాను. ఆ భవనాన్ని ఫొటో తీసిన లూయిస్ హైన్‌ను, క్రేనుకు కట్టిన బుట్టలో వేలాడుతూ కార్మికుల ముఖాలకు ఎదురుగా నిలబడిన మనిషిని, ఇలా మా గోడల మీద తమరితో కలిపి కలగాపులగం చేయడం మాత్రం నాకు రుచించడం లేదు. ఆయన 1940లో చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో కన్నుమూశాడు. ఆయన ఫొటోలు మాత్రం ఇప్పుడు ఫ్రేముతో సహా అమ్ముడవుతున్నాయి.

మళ్ళీ మన లెక్కకే వస్తాను. తమరు పుట్టిందే ప్రచారం కోసమన్న సంగతి నాకు తెలుసు. అమెరికాలో పనులు లేక జనం అల్లాడుతున్న కాలంలో, కొత్త భవనానికి పేరు రావడానికి, నిజంగా అక్కడ ఉక్కు పని చేసే వాళ్ళనే వరసగా కూర్చోబెట్టి తీయించిన బొమ్మ తమరు. దూలం మీద నిద్రపోతున్నట్టు కూడా ఆ కార్మికుల చేత నటింపజేశారు. అక్టోబర్ 2న న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో తమరు అచ్చయినప్పుడు భవనం పేరు నిలబడింది, మనుషుల పేర్లు గాలికి పోయాయి. ఇన్ని దశాబ్దాల తర్వాత కాగితాల ఆధారంతో గట్టిగా గుర్తించగలిగినది ఇద్దరినే, ఎడమ నుంచి మూడోవాడైన జోసెఫ్ ఎక్నర్‌ను, కుడి నుంచి మూడోవాడైన జో కర్టిస్‌ను. తమరి పుణ్యమా అని మా ఇంట్లో ఆ ఇద్దరూ రెండోవాళ్ళయ్యారు. తీసింది ఎవరన్నదీ తేలలేదు, 2003లో చార్లెస్ ఎబెట్స్ పేరు చేర్చి, ఆ రోజు అక్కడ వేరే ఫొటోగ్రాఫర్లు కూడా ఉన్నారని తెలిశాక మళ్ళీ వెనక్కి తగ్గారు. ముక్కలైన గాజు నెగెటివ్ మాత్రం పెన్సిల్వేనియాలో భూగర్భంలో, చల్లని గదిలో భద్రంగా ఉంది. గాజుకు దక్కిన సంరక్షణ అది.

ఇక ఆ కుడి చివరివాడి సంగతి వినండి. అతడు మావాడేనని ఐర్లండ్‌లోని షానాగ్లిష్ అనే పల్లెలో ఒక కుటుంబం అంటుంది, కాదు మావాడని స్లొవేకియాలో మరొక కుటుంబం అంటుంది. పేరు దొరకని ఒక కూలిమనిషిని మా రక్తమే అని చెప్పుకోవడానికి రెండు దేశాలవాళ్ళు తహతహలాడుతుంటే, నువ్వు అతడి భుజంలో పిన్ను కొట్టి చట్రం వెనక దాచావు! ఎవరు నువ్వు? గుడ్డ ముక్కవి. దూలాన్ని మరో జానెడు చిన్నగా అచ్చువేస్తే పదకొండు మందీ హాయిగా పట్టేవారు. దానికి పట్టే ఆలోచన అరనిమిషం, ఆ అరనిమిషం కూడా వాళ్ళ కోసం ఎవడూ ఖర్చు పెట్టలేదు. ఎందుకు పెడతాడు, ఎదురుగా సోఫా రంగుకు నప్పితే చాలు కదా! పైన "టీమ్‌వర్క్" అని అక్షరాలు పొదిగి మీటింగ్ గదుల్లో తగిలించే మీ అన్నదమ్ములను ఏమనాలో నాకు నిజంగా తోచడం లేదు. ఆ టీములో ఒక్కడికీ నడుముకు తాడు లేదు.

తాడంటే గుర్తొచ్చింది. అదే రాక్‌ఫెల్లర్ సెంటర్ పైన 2023 చివర్లో ఒక దూలం పెట్టారు. టికెట్టు కొన్నవాళ్ళను దాని మీద కూర్చోబెట్టి, బెల్టు బిగించి, 12 అడుగులు పైకి లేపి ఫొటో తీసి పంపిస్తారు. అమెరికాలో ఉన్న మా బంధువొకరు తమ ఫొటో వాట్సాప్‌లో పెట్టారు. నలుగురూ నలుగురుగానే పడ్డారు, ఎవరూ అంచు దాటలేదు, ఎందుకంటే వాళ్ళు డబ్బు కట్టినవాళ్ళు.

ఈ ఉదయం స్క్రూడ్రైవర్ తీసుకుని నీ పిన్నులన్నీ పీకేశాను. గుడ్డను నేల మీద పరచి, మడతల మీద ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా తిప్పాను. అంచు దగ్గర తెల్లటి గీత ఉండిపోయింది, భుజంలో చిల్లు పోదు, అయినా సీసావాడు మళ్ళీ ఎదురుగానే చూస్తున్నాడు, సిగరెట్టు దగ్గర ఇద్దరూ ఉన్నారు. అందరినీ కలిపి నాలుగు మేకులతో నేరుగా గోడకే కొట్టేశాను. అందంగా లేదని ఇంట్లో ఇప్పటికే ఒక అభిప్రాయం వెలువడింది. ఉండనీ. తమరి చట్రం మాత్రం అట్టపెట్టెలో సర్ది ఉంచాను, వాపసు గడువు ఇంకా ఉందట గనుక సంస్థవారు ఎప్పుడైనా వచ్చి దాన్ని పట్టుకుపోవచ్చు. ఈసారి మధ్యాహ్నమంతా ఎదురుచూడడం వాళ్ళ వంతు.