ఇమ్యూనిటీ పెంచితే కడుపు క్యాన్సర్ కరిగిపోతుందట!

ఈ వారంలో ఈ మెసేజ్ ఆరుగురు పంపారు. మా చిన్నాన్న, ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ముగ్గురు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ, ఆఖరికి నాతోపాటు ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడు. కడుపు బయాప్సీల స్లైడ్లు చూడటమే నా ఉద్యోగం. "ఇది నిజమేనా?" అని అడిగినా బాగుండేది. "చూశావా, మీవాళ్లు దాచిన సంగతి" అని పంపితే మండదా?

మెసేజ్ ఏమంటుందంటే: మన ఇమ్యూనిటీయే క్యాన్సర్‌ని నయం చేస్తుందని 2018లో నోబెల్ ఇచ్చి దాచేశారు. ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకే కడుపు క్యాన్సర్ వస్తుంది. బయాప్సీ సూదితో క్యాన్సర్ పాకుతుంది. గడ్డలో తెల్లకణాలు ఉన్నాయని రిపోర్ట్ వస్తే భయం లేదు. కీమో ఆ కణాలను చంపేస్తుంది కాబట్టి ఆపేసి, 40 రోజులు తిప్పతీగ కషాయం, వేడి నిమ్మనీళ్లు తాగాలి. పదిమందికి పంపాలి.

నిమ్మనీళ్ల సంగతి వదిలేద్దాం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరే చోట నిమ్మకాయ చేయగలిగిందేమీ లేదు. బయాప్సీ సూది అన్నారు. కడుపులో సూది గుచ్చరు, ఎండోస్కోపీలో చిన్న పట్టకారుతో ముక్క గిల్లుతారు. ఆ ముక్క లేకపోతే మందు ఎంచుకోవడానికి కావలసిన పరీక్షల్లో సగం చేయలేం.

ఇక నోబెల్. జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు ఇచ్చిన మాట నిజమే. నోబెల్ ఇచ్చి మరీ దాచడం మాత్రం కొత్త పద్ధతి! వాళ్లు ఇమ్యూనిటీ పెంచమని చెప్పలేదు. తెల్లకణాల్లో పోరాడే రకమైన టి కణాల మీద బ్రేకులుంటాయని, క్యాన్సర్ ఆ బ్రేకులను తొక్కి పట్టగలదని, వాటిని వదిలించవచ్చని చూపించారు. ఆ దారిలో వచ్చిన మందులే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్. కషాయం రాలేదు.

ఇమ్యూనిటీ తగ్గితేనే కడుపు క్యాన్సర్ అన్నది దాదాపు తలకిందుల మాట. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కడుపులో చేరితే మన కణాలు దానిమీద ఏళ్ల తరబడి యుద్ధం చేస్తూనే ఉంటాయి. అది చావదు, వీళ్లు ఆగరు. ఆ వాపుతోనే లోపలి పొర పలచబడి, పేగు పొరలా మారి, కొందరిలో క్యాన్సర్ దాకా వెళ్తుంది. 1994లోనే దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చారు.

గడ్డలో తెల్లకణాలుంటే మంచిదన్న మాటకు కొంత ఆధారం ఉంది. క్యాన్సర్ కణాలను చంపగల సీడీ8 టి కణాలు గడ్డ లోపలికి బాగా చొరబడినవాళ్లు మొత్తం మీద ఎక్కువకాలం బతుకుతున్నారు. అయితే తెల్లకణాలన్నీ ఒకటి కాదు. రెగ్యులేటరీ టి కణాలు తోటి టి కణాల చేతులు కట్టేస్తాయి. మాక్రోఫేజ్‌లనే మింగుడు కణాల్లో కొన్ని గడ్డకు కొత్త రక్తనాళాలు వేసి పెడతాయి. చేలో కూలీలు ఎంతమంది దిగారని లెక్కపెడితే సరిపోతుందా? కలుపు తీసేవాళ్లెవరు, గట్టు మీద కూర్చున్నవాళ్లెవరు, కలుపుకే నీళ్లు పెడుతున్నవాళ్లెవరు అన్నది చూడొద్దూ? అందుకే టి కణాల బ్రేకును నొక్కే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ కనబడేలా మరక (రంగు) వేసి, అది ఎంత ఉందో చెప్పే సీపీఎస్ అనే స్కోరు ఇస్తాం. అందులో క్యాన్సర్ కణాలతోపాటు మధ్యలో దూరిన లింఫోసైట్లు (టి కణాలు ఈ జాతివే), మాక్రోఫేజ్‌లూ లెక్కలోకి వస్తాయి. కళ్లు లాగేసే పని. ఒకే స్లైడుకు ఇద్దరం రెండు స్కోర్లు ఇచ్చిన రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషం: "కీమో ఆపేయండి."

చెక్‌మేట్ 649 అనే కడుపు క్యాన్సర్ మందుల ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. ఆపరేషన్‌కు అందని దశలో, సీపీఎస్ 5 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లను చూశారు. కీమో ఒక్కటే ఇస్తే మధ్యస్థ ఆయుష్షు 11.1 నెలలు. కీమోకు నివోలుమాబ్ కలిపితే 14.4 నెలలు. కలిపితే అన్నాను, మానేస్తే అనలేదు. మూడు నెలలేనా అంటారు. మీ కషాయం ఎన్ని నెలలు ఇచ్చిందో ఆ లెక్క పంపండి, అదీ చూస్తాను.

కషాయంతో నష్టమేముంది అంటారా? కరోనా కాలంలో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ల కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. కొందరిలో అది ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా కనిపించింది. అంటే ఇమ్యూనిటీ లేచింది, లేచి సొంత కాలేయం మీద పడింది! అది అసలు తిప్పతీగేనా అని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. సరే, మీ పెరట్లో కోసింది ఏ తీగో మీరెలా తేల్చారు? కీమో మధ్యలో ఉన్న మనిషికి కాలేయం పాడైతే డోసు తగ్గించాలి, లేదా ఆపాలి. మెసేజ్ కోరుకున్నదీ అదేనేమో. బ్రేకులు వదిలించే అసలు మందులతోనే పేగులు, ఊపిరితిత్తులు, థైరాయిడ్ వాచే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని ఆసుపత్రిలో, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తారు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి, కొంచెం ఇబ్బందిగానే. ఎంఎస్ఐ-హై అనే రకం కడుపు క్యాన్సర్ ఉంది. అందులో జన్యు తప్పులు ఎక్కువ కాబట్టి టి కణాలు గుంపులుగా దూరతాయి. మ్యాజిక్ అనే పాత కీమో ట్రయల్ నమూనాలను మళ్లీ పరీక్షించి 2017లో రాసినదాని ప్రకారం, ఈ రకంవాళ్లకు ఆపరేషన్‌కు ముందూ వెనకా ఇచ్చిన కీమో మేలు చేసినట్టు కనిపించలేదు. మనుషులు తక్కువే, కానీ కొట్టిపారేయలేం. తర్వాత ఫ్రాన్స్‌లో ఇలాంటివాళ్లకు కీమో లేకుండా నివోలుమాబ్, బ్రేకు వదిలించే మరో మందు ఇపిలిముమాబ్ ఇచ్చి ఆపరేషన్ చేస్తే, 29 మందిలో 17 మందికి తీసిన ముక్కలో క్యాన్సర్ కణమే దొరకలేదు. స్లైడులో ఏమీ లేదని రాయడం ఎంత బావుంటుందో చూసేవాళ్లకే తెలుసు. కానీ వ్యాధి పాకిన దశలో ఈ రకం నూటికి నలుగురైదుగురిలోనే కనిపిస్తుంది. మీరు వాళ్లలో ఉన్నారో లేదో తేల్చేది మెసేజ్ తిట్టిన ఆ బయాప్సీయే.

ఇంత రాశాక చిన్నాన్నకు ఫోన్ చేశాను. ఆయన స్నేహితుడికి కడుపు క్యాన్సరట, రెండో కీమో మానేద్దామా అనుకుంటున్నాడట. మెసేజ్ ఆరుసార్లు తిరిగింది కానీ ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. "తిట్టకురా, భయమేసి పంపాను" అన్నాడు. తిట్టలేదు. రిపోర్ట్ ఫొటో పెట్టమన్నాను. రాత్రి పదింటికి వచ్చింది. మందు ఎంపికకు చేసే హెర్2 పరీక్ష ఫలితం అందులో ఉంది. ఎంఎస్ఐ, పీడీ-ఎల్1 పరీక్షల ఫలితాలు లేవు. పొద్దున్నే డాక్టర్‌ని ఆ రెండూ అడగమని, కీమో తేదీ మార్చవద్దని చెప్పాను. బయాప్సీ ముక్కను మైనంలో దాచిన బ్లాకు ఇంకా ల్యాబ్‌లోనే ఉంటుంది, మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేకపోవచ్చు.